కొత్త డ్రిల్లు మిషన్‌కు గుడ్డ చుట్టుకున్నది, మోటర్ కాలినట్టేనా?

నీలగిరి పోరడు | శనివారం రాత్రి 9:40

అందరికి నమస్తే. చిన్న డౌటు. మొన్న గురువారం ప్రకాశం బజార్ల డ్రిల్లు మిషన్ కొన్న. 600 వాట్లు, 13 మి.మీ. చక్కు (బొక్క పెట్టే బిట్టును పట్టుకునే మూతి), హ్యామర్ గుడ ఉన్నది. ఇయ్యాల మొదటిసారి వాడిన. చక్కుకు ఒక గుడ్డ చుట్టుకొని మిషన్ బిగుసుకపోయింది. ఒక పది సెకండ్లు 'ఊఁ' అని మూలిగింది, కాలిన వాసన కొట్టింది, ప్లగ్గు పీకేసిన. గుడ్డ ఇంకా దానికే ఉన్నది, గుంజితె వస్తలేదు. మోటర్ పోయినట్టేనా? గుడ్డ ఎట్ల తియ్యాలె? కోసుడు మాత్రం వద్దు, గుడ్డ ఖరాబు కావద్దు. వారంటీల ఇది నడుస్తదా?

మిర్యాలగూడ వైండింగ్ | శనివారం రాత్రి 9:52

పది సెకండ్లకు కొత్త మోటర్ కాలదు తమ్మీ, భయపడకు. తిరగాల్సిన మోటర్‌ను పట్టి ఆపితె మామూలు కంటె ఎన్నో రెట్లు కరెంటు గుంజుతది. ఆర్మేచర్ అంటె మోటర్ల తిరిగే భాగం, దానితోపాటు లోపలి ఫ్యాన్ గుడ ఆగుతది గనుక గాలి ఉండదు. వైండింగ్ మీది వార్నిష్ వేడెక్కి వాసన వస్తది. వాసనొచ్చి ఆగితె బచాయించినట్టే. పొగ వచ్చిందా? అది చెప్పు ముందు. ఇంతకు ఏం గుడ్డ అది?

నీలగిరి పోరడు | శనివారం రాత్రి 9:55

పొగ రాలె అన్నా. తుడిసే గుడ్డ.

వనపర్తి వదిన | శనివారం రాత్రి 10:01

తుడిసే గుడ్డ ఖరాబు కావద్దని ఎవరన్నా అడుగుతరా తమ్మీ?

బోరు కాడి మనిషి | శనివారం రాత్రి 10:03

ఎంత పొడుగుంటది ఆ గుడ్డ?

నీలగిరి పోరడు | శనివారం రాత్రి 10:04

రెండు మీటర్లు.

బోరు కాడి మనిషి | శనివారం రాత్రి 10:04

రెండు మీటర్ల తుడిసే గుడ్డ! ఏం తుడుస్తవు తమ్మీ దానితోని, సాగర్ డ్యామ్ గేట్లా?

వనపర్తి వదిన | శనివారం రాత్రి 10:06

గళ్లు ఉన్నయా దానికి? నడుముకు కట్టుకుంటరా?

నీలగిరి పోరడు | శనివారం రాత్రి 10:38

సరే. దాసిపెట్టి ఏం చేస్త. అది లుంగీ.

కిటికీకి కర్టెన్ రాడ్ బిగియ్యాలె. వడ్లాయనను అడిగితె రంధ్రానికి వంద అన్నడు. నాలుగు రంధ్రాలకు నాలుగు వందలు ఎవరిస్తరు, మిషనే తెస్తె జిందగీ మొత్తం పనికొస్తదని ఇంట్ల గొప్పలు చెప్పి తెచ్చిన. ఇయ్యాల మా అత్తమ్మ, బామ్మర్ది గుర్రంపోడు నుంచి వచ్చిన్రు. అంటే చూసేటోళ్లు గుడ ఉన్నరన్నట్టు. స్టూల్ ఎక్కి మొదలుపెట్టిన. గోడల అర ఇంచు దిగింది, ఆ మీదట దిగుతనే లేదు. ట్రిగ్గర్ వత్తి వత్తి వేలు గుంజుతున్నది. పక్కకు చిన్న బటన్ ఉంటది గదా, అది వత్తితె ట్రిగ్గర్ అట్లనే పడి ఉంటది, వేలు తీసినా మిషన్ తిరుగుతనే ఉంటది. షాపుల పిలగాడు చూపెట్టిండు. వత్తిన. పానం సుఖమయ్యింది.

గప్పుడే గాలిదుమారం లేసి కరెంటు పోయింది. మిషన్ ఆగింది. దిగి అదే స్టూల్ మీద కూసొని మిషన్ ఒళ్లె పెట్టుకున్న. ప్లగ్గు బోర్డుకే ఉన్నది. బటన్ సంగతి యాదికే లేదు. మా అత్తమ్మ చీకట్లనే చాయ చేసుకొచ్చి గ్లాసు చేతికిచ్చింది. 'ఇదేం మిషనో బిడ్డా, ఉలి సుత్తె ఉంటె గీపాటికి అయిపోవు' అన్నది. 'దీని తాకత్ నీకు ఎర్కలేదు అత్తమ్మా' అన్న.

మాట నోట్లె ఉండంగనే కరెంటచ్చింది.

లైటు వెలిగింది. ఫ్యాన్ తిరిగింది. ఒళ్లె ఉన్నది గుడ తిరిగింది. లుంగీ అంచు పట్టుకొని గిర్రగిర్ర చుట్టుకుంట తొడల మీదికెల్లి నడుం దాంక వచ్చింది. నేను లేసి నిలబడ్డ, చాయ పోయి బామ్మర్ది మీద పడ్డది. ముడి ఊడింది. ఆ ముడి గట్టిగ ఉంటె మిషన్ వచ్చి కడుపుల గుద్దుతుండె, అంత మటుకు నయం. లుంగీ మొత్తం మిషన్ తీసుకపోయింది, నేను గీతల నిక్కరు మీద నిలబడ్డ. అంతసేపు చీకటుండె. గప్పుడే రావాల్నా లైటు?

అత్తమ్మ గోడ దిక్కు తిరిగి అన్నది: 'తాకత్ చూసిన బిడ్డా.'

వనపర్తి వదిన | శనివారం రాత్రి 10:44

నవ్వుడు ఆగుతలేదు. మా ఆయన నిద్రల నుంచి లేసి ఏమైందని అడుగుతున్నడు. ఏమని చెప్పాలె.

బోరు కాడి మనిషి | శనివారం రాత్రి 10:58

తమ్మీ, నువ్వు కొన్నది డ్రిల్లు మిషన్ కాదు. ఆటో స్టార్టర్ ఉన్న బోరు మోటర్.

నవ్వుతానికి అంటలేను, ఖరారుగ అదే సంగతి. మాది దేవరకొండ దిక్కు. మా బోరు స్టార్టర్ల కాయిల్ ఉంటది. కరెంటు పోంగనే ఆ కాయిల్ వదిలేస్తది, మళ్ల కరెంటచ్చినా పచ్చ బటన్ వత్తేదాంక మోటర్ లేవది. అదే దాని పని. గానీ ఎన్కట మాకు కరెంటు విడతలు విడతలుగ వస్తుండె, అర్ధరాత్రి ఒంటిగంటకు గుడ వస్తుండె. టార్చిలైటు పట్టుకొని పొలంకాడికి పోవాలె. ఆ చీకట్ల పాము కుట్టి పోయినోళ్లు ఉన్నరు, తడి చేతులతోని స్టార్టర్ ముట్టి పోయినోళ్లు ఉన్నరు. అందుకే అందరం ఆటో స్టార్టర్ పెట్టుకున్నం. కరెంటు రాంగనే దానంతట అదే లేస్తది, మనం ఇంట్ల పండుకోవచ్చు. కాకపోతె ఊరు మొత్తం మోటర్లు ఒక్కపారి లేస్తె ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మనేది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు అన్నప్పుడు, ఇగ వీటితోని పనిలేదు, నీళ్లు ఊకె పోతయని చెప్పి పీకేయుమన్నరు. కొందరు పీకిన్రు, కొందరు ఇంకా పీకలె. నేను ఏ కొందరో అడగకున్రి.

నువ్వు ఆ లాక్ బటన్ వత్తి ఇడిసిపెడితె స్విచ్చి ఆన్‌ల ఉన్నట్టే గదా. కరెంటు పోయింది గని స్విచ్చి పోలె. రాంగనే లేసింది. దానికేం తెలుసు అది గోడకున్నదో నీ ఒళ్లె ఉన్నదో.

మిర్యాలగూడ వైండింగ్ | శనివారం రాత్రి 11:10

పెద్దమనిషి కరెక్టు చెప్పిండు. వర్క్‌షాపులల్ల రంపం మిషన్లకు, బెంచి మిషన్లకు ఆ కాయిల్ స్విచ్చి పెడతరు. కొన్ని పెద్ద గ్రైండర్ల లోపల్నే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటది. చేతి డ్రిల్లుల మామూలుగ ఉండదు. లాక్ పడ్డదంటె పడ్డదే, ట్రిగ్గర్‌ను ఇంకోసారి పూర్తిగ వత్తి వదిలితెనే ఊడుతది.

ఇగ గుడ్డ తీసుడు చెప్త, ఇను. ప్లగ్గు బోర్డుల నుంచి పూర్తిగ తీసి నీ కండ్ల ముందట పెట్టుకో. లాక్ ఊడగొట్టు. 'రివర్స్ పెట్టి ఒక్కసారి ఆన్ చేస్తె అదే ఊడుతది' అని ఎవడన్నా చెప్తడు, ఇనకు. వదులైన గుడ్డ మళ్ల అటు దిక్కు చుట్టుకుంటది. చక్కును చేత్తో ఎనకకు తిప్పు. లోపల గేర్లున్నయి గనుక బరువుగ తిరుగుతది, కాని తిరుగుతది. చక్కు తాళం పెట్టే బొక్క కనపడేదాంక ఇప్పినవనుకో, సగం పని అయినట్టే. తాళం పెట్టి బిట్టు తీసెయ్. బిట్టు పోతె మిగిలిన గుడ్డను ముందటికి తొడుగు లెక్క గుంజొచ్చు.

తీసినంక చక్కుకు, బాడీకి నడుమ సందుల చూడు. దారప్పోగులు ఉంటయి. అవి లోపలికి పోయి బేరింగ్ కాడ పేరుకుంటె ఆర్నెల్లకు కిర్రుమంటది. పోగులు ఏరినంకనే కరెంటు పెట్టు. ఖాళీగ రెండు నిమిషాలు తిప్పుకుంట గాలి రంధ్రాలల్లకెల్లి లోపలికి చూడు. బ్రష్షుల (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కల) కాడ చిన్న చిన్న నీలం నిప్పురవ్వలు మామూలే. చుట్టూ గుండ్రంగ మంట లెక్క తిరిగితె మాత్రం ఆపి నాకు చెప్పు.

వారంటీ అంటవా, షాపుల అబద్ధం చెప్పకు. ఇప్పంగనే దారాలు కనపడ్తయి.

ఆసుపోగు | ఆదివారం ఉదయం 6:20

పొద్దున లేసి చూసిన. అన్నా, లుంగీ చేనేతా, మిల్లుదా? అది చెప్పలేదు నువ్వు.

నీలగిరి పోరడు | ఆదివారం ఉదయం 7:05

చేనేతనే. పుట్టపాకల కొన్నది. మొదటి దసరాకు అత్తమ్మ పెట్టింది. అందుకే కోసుడు వద్దన్న.

వనపర్తి వదిన | ఆదివారం ఉదయం 7:09

ఆమె పెట్టిన లుంగీ, ఆమె ముందటనే!

పానగల్ మాస్టారు | ఆదివారం ఉదయం 8:15

మన జిల్లాలో పుట్టి పెరిగిన వాడికి ఇది చదవగానే ఆసు యంత్రం గుర్తు రాకుండా ఉండదు. పాత నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, తల్లి చేతులు నొప్పి పెట్టడం చూడలేక, ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వేయడానికి, యంత్రం తయారు చేశారు. తల్లి పేరుమీదే దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏళ్ల తరబడి శ్రమించి సాధించినదాన్ని మన నీలగిరి అబ్బాయి ఒళ్లో కూర్చోబెట్టుకుని పది సెకండ్లలో సాధించాడు.

ఆసుపోగు | ఆదివారం ఉదయం 8:40

మాస్టారూ, ఏమనుకోవద్దు, ఆసు అట్ల ఉండదు. ఆసుల పోగును నడుమ ఉన్న ఒక్క మేకు నుంచి అర్ధచంద్రం లెక్క ఉన్న మేకుల చుట్టూ అటూ ఇటూ వెయ్యాలె. గుండ్రంగ తిరుగుడు కాదది. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి పోవాలె, రావాలె. మా అమ్మ భుజం ఇప్పటికీ పైకి లేవది. మీరు చెప్పిన మిషన్ వచ్చినంక మా ఇంట్ల ఆ పని తప్పింది.

అన్న చేసింది కండె చుట్టుడు. రాట్నం మీద గిర్రున తిప్పి కండెకు నూలు ఎక్కిస్తం చూడున్రి, అదే. ఇప్పుడు చానామంది రాట్నానికి చిన్న మోటర్ పెట్టుకున్నరు. కాకపోతె మేం నేసేటందుకు ముందు చుడతం, అన్న నేసినంక చుట్టిండు.

అన్నా, గుడ్డ వచ్చినంక పోగులు లాగినకాడ కత్తెర పెట్టకు. తడిపి, మూలలు పట్టుకొని ఐమూలగ అటొకసారి ఇటొకసారి సాగదియ్యి. లాగిన పోగు చానమటుకు తిరిగి కూసుంటది. తెగితె మాత్రం చేసేదేం లేదు.

పానగల్ మాస్టారు | ఆదివారం ఉదయం 8:52

దిద్దినందుకు సంతోషం. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి ఇవాళ ఒక పాఠం విన్నాను.

నీలగిరి పోరడు | ఆదివారం మధ్యాహ్నం 12:30

వచ్చింది! గంటన్నర పట్టింది.

వైండింగన్న చెప్పినట్టే చేసిన. మిషన్‌ను కాళ్ల నడుమ పెట్టుకొని (ప్యాంటేసుకొనే, అడగకున్రి) చక్కును రెండు చేతులతోని ఎనకకు తిప్పిన. ముందటి చుట్లు సులువుగనే ఊడినయి. లోపలికి పోయినకొద్ది తాడు లెక్క మెలిపడి ఉన్నది. 6 మి.మీ. బిట్టు గుడ్డల పొడుచుకొని అవుతలికి వచ్చింది, ఆ బిట్టు మొన కాడ గోడ సున్నం గుడ ఉన్నది ఇంకా. తాళం బొక్క కనపడంగనే దేవుడు కనపడ్డట్టయ్యింది. బిట్టు తీసి గుంజితె లుంగీ మొత్తం ఒక్కసారి వచ్చింది. ఎనక సందుల ఎర్ర పోగులు, నల్ల పోగులు, మా ఆవిడ కనుబొమ్మలు తీసుకునే చిమటాతోని ఏరిన. అడగకుండ తీసుకున్న, అది వేరే పంచాయితి.

ఆన్ చేసిన. తిరిగింది. నీలం రవ్వలు చిన్నయే. వాసన లేదు.

లుంగీకి ఒక జానెడు కాడ రెండు బొక్కలు, అంచు మీద నల్లటి మరక. మిగిలిందంత బాగనే ఉన్నది. తడిపి సాగదీసిన, పోగులు కూసున్నయి ఆసుపోగు తమ్మీ, నీకు దండం.

గోడకు మాత్రం ఇంకా అర ఇంచే బొక్క. అది గుడ చెప్పున్రి ఎవరన్నా.

పాలమూరు సెంట్రింగ్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

మాది నారాయణపేట, పుణెల సైట్ మీద ఉన్న. అన్నా, నీది గోడ కాదు, లింటలు. కిటికీ మీద నాలుగించుల ఎత్తుల పెట్టినవు గదా రాడ్ క్లాంపు? అక్కడ లింటలు కాంక్రీటే ఉంటది, మందం అర అడుగు. నీ మిషన్ హ్యామర్ అంటె లోపల రెండు పండ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎగిరి కొడతయి. ఇటుకకు సాలు. కాంక్రీట్ల కంకర తగిలితె అక్కడనే నిలబడి వేడెక్కుతది, బిట్టు మొన మొద్దుబారుతది. మేం సైట్ల వాడేది రోటరీ హ్యామర్, దాంట్ల గాలి పిస్టన్ కొడతది, బిట్టు గుడ వేరే రకం.

రెండు తొవ్వలున్నయి. క్లాంపును లింటలు దాటి ఇంకొంచెం పైకి జరుపు, లేకపోతె పక్కలకు జరుపు. లింటలు కిటికీకి అటూ ఇటూ అర అడుగు గోడ మీద కూసుంటది, అది దాటితె ఇటుకనే వస్తది. పొడి ఎర్రగ వస్తె ఇటుక, బూడిద రంగుల వస్తె కాంక్రీటు. బిట్టుకు టేపు చుట్టి గిట్టీ (స్క్రూ పట్టేటందుకు బొక్కల పెట్టే తొడుగు) పొడుగెంతనో గుర్తు పెట్టుకో.

ఇంకోటి. చేతికి గ్లౌజులు వేసుకుంట అంటవేమో ఇప్పుడు. డ్రిల్లుకు వద్దు. లుంగీని గుంజింది గ్లౌజును గుడ గుంజుతది, దాని లోపల వేళ్లుంటయి. మా సైట్ల ఒకాయనకు అయింది, చెప్పబుద్ధి కాదు.

వనపర్తి వదిన | ఆదివారం మధ్యాహ్నం 1:40

కరెక్టు. నేను మా ఇంట్ల గూటాలు, అరలు, అద్దం అన్ని నేనే కొట్టుకున్న. మిషన్ ముట్టేముందు చున్నీ తీసి మంచం మీద పడేస్త, జడ ముడేస్త. మొగోళ్లకు జడ లేకపోయేసరికి ఆ భయం తెల్వది.

ఎర్రటోపీ | ఆదివారం సాయంత్రం 4:10

ఇంతమంది చెప్తున్నరు గాని అసలు తప్పు లుంగీది. మిషన్ పని లుంగీ మీద ఎవడు చేస్తడు? లాక్ బటన్‌ను ఊకె బద్నాం చేయకున్రి. రంగు కలిపేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు లాక్ లేకపోతె వేలు పడిపోతది.

బోరు కాడి మనిషి | ఆదివారం సాయంత్రం 4:25

మా నాయిన నలభై ఏండ్లు ధోతి మీదనే మోటర్లు ఇప్పిండు, బిగిచ్చిండు. ఒక్క పోగు పోలె. ఎందుకంటె ముందు ఫ్యూజు పీకి జేబుల వేసుకుంటుండె. ఫ్యూజు జేబుల ఉంటె ధోతి అయితేంది, లుంగీ అయితేంది.

ఎర్రటోపీ | ఆదివారం సాయంత్రం 4:31

ధోతికి జేబు ఎక్కడిది?

బోరు కాడి మనిషి | ఆదివారం సాయంత్రం 4:33

బనీనుకు ఉంటది. నువ్వు చూడలె ఆ కాలం బనీన్లు.

మిర్యాలగూడ వైండింగ్ | ఆదివారం సాయంత్రం 5:00

లాక్ పాలిష్‌కు పనికొస్తది, నిజమే. గోడకు బొక్క పెట్టేటప్పుడు వద్దు. బిట్టు ఇనుపకమ్మికి పట్టుకున్నదనుకో, బిట్టు ఆగుతది, మిషన్ తిరుగుతది, దానితోపాటు నీ మణికట్టు తిరుగుతది. వేలు తీస్తె ఆగాలె. లాక్‌ల ఉంటె ఆగది. ఇగ కొట్లాట బంద్ చేయున్రి, తమ్ముడి బొక్క సంగతి ఏమయిందో చెప్పనియ్యున్రి.

నీలగిరి పోరడు | ఆదివారం రాత్రి 8:50

అయిపోయింది. పక్కకు జరిపి పెట్టిన, ఎర్ర పొడి వచ్చింది పాలమూరన్నా! వెన్న లెక్క దిగింది. నాలుగు బొక్కలు, నాలుగు గిట్టీలు, రాడ్ బిగిచ్చిన. పాత అర ఇంచు బొక్కను కర్టెన్ కప్పేసింది. మధ్యల ఒకసారి కరెంటు పోయింది. బామ్మర్ది ఉరికొచ్చి ప్లగ్గు పీకి చేతుల పట్టుకొని నిలబడ్డడు, వచ్చేదాంక ఇయ్యలె. చాయ పడ్డ తాన ఇంకా మంట ఉన్నదట.

వనపర్తి వదిన | ఆదివారం రాత్రి 8:58

అత్తమ్మ ఏమన్నది?

నీలగిరి పోరడు | ఆదివారం రాత్రి 9:20

పొద్దుగూకేముందే ఊరికి పోయింది అక్కా. పోయేటప్పుడు ఏం అనలె, లుంగీ బొక్కల కాడ వేలు పెట్టి చూసి మడతపెట్టింది అంతే. ఇప్పుడే ఫోన్ చేసింది. వాళ్లింట్ల గుడ రెండు కిటికీలున్నయట, మంచి రోజు చూసుకొని మిషన్ తీసుకొని రమ్మన్నది. ఫోన్ పెట్టేటప్పుడు అన్నది, 'ప్యాంటేసుకొని రా బిడ్డా, వాకిట్ల చానమంది కూసుంటరు' అని.